పేరు పెట్టి పిలవకండి

పెనం మీద పిండి పోసి లియోనీ కిటికీలోంచి పొలం వైపు చూసింది. మంచు ఇంకా విడలేదు. బక్‌వీట్ పిండితో పోసే ఈ పల్చటి అట్లు ఒకవైపే కాలాలి, తిరగేయకూడదు. తిరగేసిందంటే కెనడా సరిహద్దునున్న ఈ లోయలో ఆ ఇల్లాలి పరువు పోయినట్టే. కాపరానికి వచ్చిన కొత్తలో ఒకరోజు పరధ్యానంలో తిరగేస్తే, బల్ల చుట్టూ కూర్చున్న ఎనిమిది మంది పనివాళ్ల ముందూ అత్తగారు ఆల్ఫ్రెదా "మీ పుట్టింట్లో అట్లకి రెండు మొహాలుంటాయా అమ్మాయ్?" అని అడిగింది. అందరూ నవ్వారు. లియోనీ కూడా నవ్వింది. నవ్వకపోతే పెళుసు మనిషంటారు. పదిహేడేళ్లుగా ఆ ఇంట్లో ఆమె చాలావాటికి అలాగే నవ్వుతూ వచ్చింది.

బంగాళాదుంపలు తవ్వే రోజులు. బడికి మూడు వారాలు సెలవులు. తెల్లవారకముందే రేడియోలో ఏ పొలంలో ఎన్నింటికి పని మొదలవుతుందో చదువుతున్నారు. బల్ల చివర గోడకి ఆనుకుని కూర్చున్న కూతురు జోజీ, పదిహేనేళ్ల పిల్ల, రేడియో మనిషి గొంతుతోనే ఆ మాటలు తిరిగి చెబుతోంది. "సిర్ వారి పొలం, ఏడు గంటలకి. పెల్తియే వారి పొలం, ఎనిమిది గంటలకి, నేల తడిగా ఉంది." రోజంతా కలిపి పది మాటలు మాట్లాడని పిల్ల, ఈ జాబితా మాత్రం ఒక్క పేరు పొల్లుపోకుండా అప్పజెబుతుంది. వింటుంటే లియోనీకి ప్రాణం లేచొస్తుంది. తన చిన్నప్పుడూ ఇదే జాబితా. ఒకే దుప్పటి కింద తనూ అక్క ఒదీలూ, ఒకరి పాదాలకి ఇంకొకరి పాదాలు ఆనించుకుని, తమ పొలం పేరు ఎక్కడ వస్తుందా అని బిగబట్టి వినేవారు. పేరు రాకపోతే ఇంకో గంట పడుకోవచ్చు. వస్తే అమ్మ వేడి టీ సీసాకి పాత మేజోడు తొడిగి ఇద్దరి మధ్యా పెట్టేది, అది కౌగిలించుకుని పొలానికి వెళ్లేవారు.

"ఆ రేడియో కట్టెయ్," అన్నాడు మొగుడు రేనాల్డ్ లోపలికి వస్తూనే. "ఇవాళ అది నాతో మెషీన్ ఎక్కుతుంది. ఒక మనిషి తక్కువైంది."

జోజీని ఎప్పుడూ మెషీన్ ఎక్కించలేదు. దుంపలు తవ్వే ఆ హార్వెస్టర్ అందుకోలేని సాళ్ల చివర్లలో, లియోనీకి ట్రక్కు పని లేని వేళల్లో, తల్లీ కూతుళ్లిద్దరే చేత్తో ఏరేవాళ్లు. ఆ ఇనుప గొలుసుల చప్పుడు వంద అడుగుల దూరంలో ఉంటేనే జోజీ భుజాలు చెవుల దాకా లేస్తాయి.

"ఆ చప్పుడు దానికి పడదు రేనాల్డ్. పోనీ చెవుల్లో ఏదన్నా పెట్టి పంపిస్తాను."

"చెవులు మూసుకుంటే నేను పిలిచేది ఎట్లా వినపడుతుంది? నువ్వే దాన్ని చెడగొట్టావు. ఆటిజమూ లేదు గీటిజమూ లేదు. బళ్లో ఆవిడెవరో కాగితం మీద రాసిచ్చింది, నువ్వు పట్టుకుని కూర్చున్నావు. పదిహేనేళ్లప్పుడు నేను..."

ఆ వాక్యం చివర ఏముంటుందో ఆ ఇంట్లో పిల్లిక్కూడా తెలుసు. పదిహేనేళ్లప్పుడు ఆయన మగవాళ్లతో సమానంగా పనిచేశాడు. మాట వినకపోతే వాళ్ల నాన్న తోలు పట్టీతో సమాధానం చెప్పేవాడు. ఆ పట్టీ ఇప్పటికీ నేలమాళిగ తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. పద్ధతి కూడా మామగారి దగ్గర్నుంచి వచ్చిందే. మెట్ల కింద నిలబడి పూర్తి పేరు పెట్టి గట్టిగా పిలుస్తాడు, "జొజెఫీన్ దేగ్ల్!" అని. మూడు లెక్కపెడతాడు. మూడులోపు ఎదురుగా నిలబడకపోతే, ఆలస్యమైన ఒక్కో అంకెకీ ఒక దెబ్బ. జోజీ ఏ పనిలోంచైనా బయటికి రావడానికి కాస్త సమయం పడుతుంది, ఊబిలోంచి కాలు లాక్కున్నట్టు. మూడులోపు ఎన్నడూ రాలేదు. లియోనీ ఆ పిల్లని ఏనాడూ పూర్తి పేరుతో పిలవలేదు. పక్కన వెళ్లి కూర్చునేది, అంతే.

ఇవాళ కూడా ఏదో ఒకటి అనాలనే అనుకుంది. ఈలోగా అట్టు మాడు వాసన వచ్చింది, అటు తిరిగింది.

పది గంటల వరకూ అంతా బాగానే సాగింది. బాగానే ఏమిటి, జోజీ చేతులు చూసి మెషీన్ మీది మిగతా ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. కదిలే బెల్టు మీద రాయీ కుళ్లు దుంపా వాళ్ల కంట పడేలోపే ఆ పిల్ల తీసి అవతల పడేస్తోంది. పక్కనే అదే వేగంతో లియోనీ ట్రక్కు నడుపుతోంది. హార్వెస్టర్ చెయ్యి సరిగ్గా ట్రక్కు నడుమన దుంపలు కుమ్మరించాలి. రెండడుగులు ముందుకెళ్లినా వెనకబడినా పంట నేలపాలు. పదిహేడు శరత్కాలాలుగా ఈ ట్రక్కు ఆమెదే, పొద్దున్న అట్లూ ఆమెవే, మధ్యాహ్నం పనివాళ్ల కూడూ ఆమెదే. "లియోనీకేం, కూర్చుని చేసే పని," అంటుంది ఆల్ఫ్రెదా, చర్చి మెట్ల మీద నలుగురు దొరికినప్పుడల్లా.

అంతలో గొలుసులో ఏదో పెద్ద రాయి ఇరుక్కుంది. ఇనుము ఇనుముని రాసుకుని కీచుమంది. జోజీ రెండు చేతులతో చెవులు మూసుకుని చతికిలబడిపోయింది. బెల్టు మీద రాళ్లు అలాగే పోతున్నాయి. రేనాల్డ్ మెషీన్ ఆపేసి దిగి వచ్చాడు.

"జొజెఫీన్ దేగ్ల్! ఒకటి. రెండు. మూడు."

కాలర్ పట్టుకుని కిందికి దించాడు. చేతికున్న తోలు గ్లౌజు ఊడదీసి దాంతోనే మొహం మీద రెండు వాయించాడు. బెల్టు దగ్గరి ఆడవాళ్లు తలలు వంచుకుని దుంపల వైపు చూస్తున్నారు. "గట్టు మీద కూర్చో. సాయంత్రం ఇంట్లో చెప్తా నీ సంగతి," అన్నాడు. తర్వాత ట్రక్కు వైపు తిరిగి చెయ్యెత్తాడు, కదులు అన్నట్టు.

లియోనీ పక్క అద్దంలోంచి మొత్తం చూసింది. చూసి, కదిలించింది. తర్వాత ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా తలుచుకున్నా ఆమె దగ్గర దానికి సంజాయిషీ లేదు. మెషీన్ కదిలితే ట్రక్కు కదలాలి, పదిహేడేళ్లుగా ఆ కాలికి తెలిసింది అదొక్కటే. కాలికున్న బుద్ధి ఆ క్షణాన మనసుకి లేకపోయింది. అద్దంలో జోజీ ఎర్ర స్వెటరు గట్టు దాటి చెట్ల వైపు పోవడం కనిపించింది. చెట్ల నీడన కూర్చుంటుందిలే అనుకుంది. ట్రక్కు నిండాక గిడ్డంగికి తోలుకుపోయి, వరుసలో నిలబెట్టి, దింపించుకుని తిరిగొచ్చేసరికి పదకొండున్నర. గట్టు మీద ఎవరూ లేరు. జోజీ కోటు మెషీన్ కడ్డీకే వేలాడుతోంది.

"ఇంటికి పోయుంటుంది," అన్నాడు రేనాల్డ్. ఇంట్లో లేదు. "ఆకలేస్తే అదే వస్తుంది, ఎక్కడికి పోతుంది," అంది ఆల్ఫ్రెదా, సూప్‌లో ఉప్పు చూస్తూ. లియోనీ చెట్ల చుట్టూ ఒక్కతే గంటసేపు తిరిగింది. ఆ చెట్లు దాటితే అడవి. అడవి దాటితే నది, దాని అవతలి ఒడ్డు కెనడా. రాత్రికి నీళ్లు గడ్డకట్టేంత చలి పడుతుందని పొద్దున రేడియోలోనే చెప్పారు. ఒంటి మీద ఒక్క స్వెటరుతో పిల్ల. వెనక్కొచ్చి, మొగుణ్ని అడక్కుండానే ఫోన్ తీసి పోలీసులకి చెప్పింది.

రెండు గంటలకి రేడియోలో ఆ వార్త చదివారు. పొద్దున ఏ పొలాల పేర్లయితే చదివారో ఆ పొలాల్లో అన్నింట్లో మెషీన్లు ఆగిపోయాయి. నేల్లో దుంపలుండగా, పైన మంచు పొంచి ఉండగా, ఇంకొకరి కోసం పని ఆపడమంటే ఇక్కడివాళ్లకి కంచం ముందు నుంచి లేచిపోవడమే. లేచి వచ్చారు. నలభై ట్రక్కులు గట్టు పొడుగునా బారులు తీరాయి. పొలం సరిహద్దు తగాదా వల్ల రేనాల్డ్‌తో ఏడేళ్లుగా మాటల్లేని మనిషి కూడా వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. లియోనీకి దుఃఖం పొంగుకొచ్చింది. ఈ మనుషులంటే ఆమెకి చిన్నప్పట్నుంచీ ప్రాణం. ఎవరింట్లో చావైనా మర్నాడు వాళ్ల దుంపలు తవ్వి ఇచ్చే మనుషులు వీళ్లు.

పోలీసులు పంపిన అడవి వార్డెన్ మిషో అందర్నీ వరుసలుగా చీల్చి చెట్లలోకి పంపాడు. తను మైకు పట్టుకున్నాడు. "జొజెఫీన్ దేగ్ల్! జొజెఫీన్ దేగ్ల్!" వందమంది గొంతులు అదే పేరుని అందుకున్నాయి. ట్రక్కుల హారన్లు మధ్య మధ్య మోగుతున్నాయి.

లియోనీ వాళ్ల వెనకే వెళ్లబోయింది.

"నువ్వెక్కడికి?" అంది ఆల్ఫ్రెదా. "పనులు మానుకుని వచ్చారు మనకోసం. కాఫీ ఎవరు పోస్తారు, నేనా ఈ మోకాళ్లతో?"

అప్పుడు కూడా లియోనీ కూజా పట్టుకుంది. ట్రక్కు వెనక పలక మీద కప్పులు పేర్చి, అడవిలోంచి వచ్చి వెళ్తున్నవాళ్లకి కాఫీ పోసింది. చల్లబడిన చేతులు కప్పుల చుట్టూ చుట్టుకుని ముసలి రొసేర్, ఇంకో ఇద్దరు ముగ్గురు కబుర్లలో పడ్డారు. కీడు శంకించే చోట మనుషులు పాత రోజుల్లోకి పారిపోతారు కదా.

"మన కాలంలో ఇట్లా పారిపోతే దొరికాక చూడాల్సింది వీపు," అన్నాడు రొసేర్. "మా నాన్న దుంపల బుట్ట పిడితో ఒక్కటిచ్చాడంటే ఆదివారం దాకా బోర్లా పడుకునేవాణ్ని."

"మా అమ్మయితే చెక్క గరిటె. మూడు విరిగాయి నా మీద, నాలుగోది నా చేతే కొనిపించింది!"

నవ్వులు. "చెడిపోయామా ఏంటి మనం? అందరం బాగానే ఉన్నాం."

"లియోనీ, నీ బారెల్ సంగతి చెప్పవే," అంది ఆల్ఫ్రెదా, పిల్లని కాసేపు మర్చిపోయి.

బారెల్ సంగతి ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ప్రతి కోతల కాలంలోనూ లియోనీయే చెప్పి నవ్విస్తుంది. తొమ్మిదేళ్లప్పుడు దుంపలు నిండిన చెక్క బారెల్ ఒకటి పొరపాటున దొర్లించేసింది. నాన్న చూశాడని తెలిసి ఇంకో ఖాళీ బారెల్ బోర్లించుకుని దాని కింద దూరింది. ఊరంతా వెతికి వెతికి చీకటి పడే వేళకి చూస్తే అందులో హాయిగా నిద్రపోతోంది. ఇక్కడ అందరూ నవ్వాలి. ముప్పై రెండేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. ఆ దేవదారు చెక్క వాసన, పలకల సందుల్లోంచి పడే సన్నటి ఎండగీతలు, బయట ఒదీల్ నవ్వు, ఎక్కడో ఎండు ఆకుల మంటలో కాలుతున్న దుంపల కమ్మదనం, అన్నీ ఆమెకి ఇవాళ్టి లాగే గుర్తు. చెప్పబోతూ నోరు తెరిచింది. ఇన్నేళ్లూ ఆ కథలో తను వదిలేసిన ముక్క అప్పుడు గుర్తొచ్చింది. తను నిద్రపోలేదు. బారెల్ చుట్టూ నాన్న బూట్లు తిరుగుతున్నాయి, "లియోనీ మార్తెన్!" అని పిలుస్తున్నాడు, ఆ గొంతు దగ్గరయ్యే కొద్దీ తను మోకాళ్లు ఇంకా ముడుచుకుంది, ఊపిరి బిగబట్టింది, గౌను తడిసిపోయింది. పిలుపులు ఆగిపోయిన చాలాసేపటికి గానీ వేలైనా కదపలేదు.

చెట్ల మీదుగా మైకు గొంతు వచ్చింది. "జొజెఫీన్ దేగ్ల్!"

లియోనీ కూజా కింద పెట్టింది. దున్నిన నేల మీద తూలుతూ పరిగెత్తింది. మిషో పక్కన రేనాల్డ్ కూడా ఉన్నాడు, అరిచి అరిచి గొంతు బొంగురుపోయి.

"పిలుపులు ఆపించండి," అంది. "పేరు పెట్టి పిలవకండి."

"పిలవకపోతే ఎట్లాగమ్మా? పిల్ల వినాలి కదా."

"వింటోంది. వింటోంది కాబట్టే రాదు. మీరు పిలిచే కొద్దీ ఇంకా లోపలికి పోతుంది. నది దాకా పోతుంది."

"లియోనీ," అన్నాడు రేనాల్డ్ మెల్లగా, ఆ మెల్లదనమంటేనే ఆమెకి ఎక్కువ భయం. "నువ్వు బుర్ర పాడుచేసుకున్నావు. వెళ్లి ట్రక్కు దగ్గర కూర్చో."

వరుసలోంచి వచ్చిన పాతిక ముప్పై మంది చుట్టూ చేరారు. అందరూ తెలిసిన మొహాలే. లియోనీ వాళ్లెవర్నీ చూడకుండా మిషో చొక్కా గుండీ వైపు చూస్తూ చెప్పింది.

"మా ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిచారంటే దెబ్బలు పడతాయి. తోలు పట్టీతో. మూడు లెక్కపెడతారు, ఆ పిల్ల మూడులోపు రాలేదు. పదేళ్లుగా అంతే. వందమంది కలిసి అదే పేరు పిలుస్తున్నారు, అది ఏమనుకుంటుంది చెప్పండి? వందమంది కొట్టడానికి వస్తున్నారనుకుంటుంది."

వెనకనుంచి ఆల్ఫ్రెదా గొంతు ఒక్కటే వచ్చింది. "ఇంట్లో సంగతులు ఇంతమంది ముందా లియోనీ! సిగ్గనిపించడం లేదూ?" సిగ్గుగానే ఉంది. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. 'దెబ్బలు పడతాయి' అంది తను, అవేవో వానచినుకులైనట్టు, ఆకాశంలోంచి వాటంతట అవే పడుతున్నట్టు. ఆ సంగతి ఆమెకే తెలిసింది.

మిషో ఆమె వంక చూశాడు, రేనాల్డ్ వంక చూశాడు. మైకు కట్టేశాడు. ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోవాలని, ఎవరూ నోరు మెదపకూడదని, ఇంజన్లు ఆపేయాలని వరుస పొడుగునా చేత్తో సైగలు పంపాడు. కాసేపటికి ఆ లోయలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

లియోనీ ఒక్కతే చెట్ల పక్కనున్న సాళ్ల చివరికి వెళ్లింది. మెషీన్ వదిలేసిన దుంపలు అక్కడక్కడా ఉన్నాయి. ఏరింది. నాలుగేళ్లప్పుడు జోజీ వంటింట్లో బస్తాడు దుంపలు నేల మీద పేర్చింది, గోలీకాయంత దాని దగ్గర్నుంచి పిడికిలంత దాని దాకా, పొయ్యి దగ్గర మొదలై వీధి తలుపు దాకా. ఒక్కటంటే ఒక్కటి వరుస తప్పలేదు. లియోనీ గుమ్మంలో నిలబడి చూసి, ఎంత అందంగా ఉందో అనుకుంది. ఆనాడు ఎవరైనా తనని చూసి ఉంటే ఎంత సంతోషంగా ఉన్న మనిషి అనుకునేవారు. కాసేపే. తర్వాత అత్తగారి కాలు ఆ వరుసని చిందరవందర చేసింది. ఇప్పుడు లియోనీ చెట్లకి వీపు పెట్టి మట్టిలో కూర్చుంది. చిన్నది, దానికన్నా పెద్దది, ఇంకా పెద్దది, అలా పేరుస్తూ పోయింది. మధ్యలో కావాలని ఒకటి తప్పు పెట్టింది.

ఎండ వాలింది. వేళ్లు కొంకర్లు పోయాయి. అరగంట, ముప్పావుగంట. వెనక ఎండు పుల్ల విరిగిన చప్పుడైంది. తిరిగి చూడలేదు. స్ప్రూస్ చెట్ల జిగురు అంటుకున్న ఎర్రటి చెయ్యి ఒకటి ఆమె భుజం పక్కనుంచి వచ్చి, తప్పు దుంపని తీసి దాని చోట పెట్టింది. జోజీ పక్కన చతికిలబడింది. మొహం మీద గ్లౌజు కుట్ల గుర్తు ఇంకా ఉంది.

"మూడైపోయిందా?" అంది.

"అయిపోయింది. ఇంక లెక్కలేం లేవు తల్లీ," అంది లియోనీ. ఏడిస్తే పిల్ల బెదురుతుందని ఏడవలేదు. తన కోటు విప్పి పక్కన పెట్టింది. జోజీ తనంతట తనే తొడుక్కుంది.

జనం దగ్గరికి రాకుండా దూరంనుంచే కళ్లు తుడుచుకుని, ఒక్కొక్కరే ట్రక్కులెక్కి వెళ్లిపోయారు. ముసలి రొసేర్ మాత్రం పోతూ పోతూ ఆగి, టోపీ సర్దుకుని వెళ్లాడు. రేనాల్డ్ గట్టు మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. లియోనీకి జాలేసింది. వాళ్ల నాన్న బతికున్న రోజుల్లో పట్టీ దెబ్బలు తిన్న పదిహేనేళ్ల కుర్రాడు అక్కడ కూర్చున్నట్టే ఉన్నాడు. అయినా లేచి అటు వెళ్లలేదు. కాఫీ కప్పులు కడుగుతున్న పొరుగావిడని పిలిచి, పక్క ఊళ్లోని ఒదీల్‌కి ఫోన్ చేయమంది. మంచం ఒకటి సర్దమని, కారు తీసుకుని వెంటనే రమ్మని చెప్పమంది.

మిషో రిపోర్టు రాయడానికి కాగితం తీసి ట్రక్కు బోనెట్ మీద పెట్టుకున్నాడు.

"పిల్ల దొరికింది కదా మిషో, ఇంకా కాగితాలెందుకు?" అన్నాడు రేనాల్డ్ లేచి వచ్చి. "పద లియోనీ, ఇంటికి పోదాం. ఏదో అయిపోయింది. రేపు ఎనిమిదింటికి మళ్లీ పని."

"రేపటి ట్రక్కుకి మనిషిని చూసుకో," అంది లియోనీ. మిషో వైపు తిరిగింది. "అడగండి."

"పిల్లని కొట్టేది ఎవరమ్మా?"

"మా ఆయన."

రాసుకున్నాడు. పెన్ను మూయబోయాడు.

"ఆగండి. అయిపోలేదు. పట్టీ ఆయన తెచ్చుకోడు. 'లియోనీ, పట్టీ' అంటాడు. మేకు నుంచి తీసి చేతికిచ్చేది నేను. అదీ రాయండి."

మిషో పెన్ను గాల్లోనే ఆగింది. గొంతు తగ్గించాడు. "అది రాస్తే మీ పేరు కూడా ఎక్కుతుందమ్మా. రేపు దాన్ని కొట్టేయడం కుదరదు. ఆలోచించుకోండి."

"ఎక్కనివ్వండి," అంది లియోనీ. "పదిహేడేళ్లు ఈ పొలంలో చాకిరీ చేశాను. భూమి కాగితాల్లో లేదు, ట్రక్కు తలుపు మీద లేదు, గిడ్డంగి బోర్డు మీద లేదు, నా పేరు ఎక్కడా లేదు. ముందు దీంట్లో ఎక్కనివ్వండి."